బాద్మే యుద్ధం తప్పెవరిది? బిర్యానీ పందెం ఉంది, తేల్చండి

రూమ్ నంబర్ 14 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గ్రూప్-1కి చదువుతున్నాను. నిన్న రాత్రి మెస్సులో నాకూ మా రూమ్మేటుకీ మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. 1998లో ఇథియోపియా, ఎరిత్రియా కొట్టుకున్నాయి కదా, ఆ యుద్ధానికి బాధ్యులెవరని. నేను ఇథియోపియా అన్నాను. గొడవంతా బాద్మే అనే చిన్న ఊరి కోసం. 2002 ఏప్రిల్‌లో సరిహద్దు కమిషన్ ఆ ఊరు ఎరిత్రియాదేనని తేల్చేసింది. తన ఊళ్లోకి తాను వెళ్లినవాడు దోషి ఎట్లా అవుతాడు? మావాడేమో 2005లో నష్టపరిహారాల కమిషన్ ‘చట్టం తప్పి ముందు దాడి చేసింది ఎరిత్రియాయే’ అని చెప్పిందంటాడు. ఇద్దరం ఫోన్లు తీసి చూసుకున్నాం. ఇద్దరిదీ నిజమే! రెండు కమిషన్లూ ఆ రెండు దేశాలూ చేసుకున్న 2000 డిసెంబరు నాటి అల్జీర్స్ శాంతి ఒప్పందం కింద పుట్టినవే. ఒక తల్లి పిల్లలు ఇట్లా తలోమాట చెబితే మేం ఎవర్ని నమ్మాలి?

పందెం రెండు ఫుల్ చికెన్ బిర్యానీలు. తెలిసినవాళ్లు ఒక్క ముక్కలో చెప్పండి.

గొలుసు సర్వేయర్

తమ్మీ, నేను ముప్పై రెండేండ్లు సర్వేయర్‌గ చేసి రిటైరైన. ఇథియోపియా ఏడుందో మ్యాపు చూస్తెగాని తెల్వది. కాని నువ్వు చెప్పిన పంచాయితి మాత్రం నేను వందల సార్లు చూసిన. పట్టా ఒకనిది, కబ్జా ఇంకొకనిది.

ఏమైతదంటే, పట్టా ఉన్నోడు ఒకరోజు పొద్దుగాల ట్రాక్టరు పట్టుకొని, పదిమందిని తోలుకొని పోయి కబ్జాల ఉన్నోని పంట దున్నేస్తడు. ‘నా భూమి నేను దున్నుకున్న, నీకేం నొప్పి’ అంటడు. తర్వాత మేం పోయి టిప్పన్ (పాత సర్వే కొలతల కాయితం) చూసి గొలుసు గుంజితే భూమి నిజంగనే ఆయనదే అని తేల్తది. అయినా ఆ రోజు చేసింది దౌర్జన్యమే. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ అని 1963ది ఒకటుంది, దాంట్ల 6వ సెక్షన్ చదువు. కబ్జాల ఉన్నోణ్ణి చట్టం తోవల గాకుండ వెళ్లగొడితే, ఆరు నెలల్ల కోర్టుకు పోతే మళ్ల లోపల కూసోబెడతరు. పట్టా ఎవనిదని ఆ కేసుల అడగనే అడగరు. అది వేరే దావా.

నీ కమిషన్లు రెండూ గట్లనే చేసినట్టున్నయి. ఒకరు హద్దు చెప్పిండ్రు, ఇంకొకరు దౌర్జన్యం కేసు చెప్పిండ్రు. తేడా ఏముంది దాంట్ల?

మెకెలె మాస్టారు

సర్వేయర్ గారు సగం పని చేసిపెట్టారు. మిగతా సగం నేను చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు నాయనా.

1997 సెప్టెంబరులో నేను టిగ్రాయ్ (ఎరిత్రియాని ఆనుకుని ఉన్న ఇథియోపియా ఉత్తర రాష్ట్రం) రాజధాని మెకెలెలో దిగాను. ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం. అప్పట్లో మన లెక్చరర్లు ఇథియోపియా వెళ్లడం వింతేమీ కాదు, నాకంటే ముందు మా గురువుగారే ఒకాయన వెళ్లొచ్చారు. నేను దిగిన నెలలోనే వాళ్లకి కొత్త సంవత్సరం వచ్చింది, 1990. ‘ఏడేళ్లు చిన్నవాణ్ణయ్యాను’ అని మా ఆవిడకి ఉత్తరం రాశాను. గడియారం కూడా వేరే. పొద్దు పొడిచినప్పటినుంచి లెక్కపెడతారు, మన ఏడు గంటలు వాళ్లకి ఒంటిగంట. నేను తీసుకెళ్లిన హెచ్‌ఎంటీ వాచీ మొదటి నెలలోనే మొండికేస్తే, మా వీధి చివర గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గరకు తీసుకెళ్లాను. బాగుచేసి వాళ్ల టైముకి తిప్పి ఇచ్చాడు. నేను మన టైముకి తిప్పుకున్నాను. ఆ తర్వాత అది ఎప్పుడు ఆగినా ఇదే తంతు.

మా ఇంటావిడకి (నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు) అక్క ఉంది, అస్మరాలో కాపురం. అస్మరా అంటే ఎరిత్రియా రాజధాని. రెండుచోట్లా మాట్లాడేది టిగ్రిన్యాయే, తినేది ఇంజెరాయే (బాగా పులిసిన పిండితో పోసిన పెద్ద దోసె అనుకో, పప్పుకూర నడిమధ్యలో పోస్తారు). ఇక్కణ్ణుంచి టెఫ్ ధాన్యం అక్కకి వెళ్లేది, అక్కణ్ణుంచి చెప్పులు, బట్టలు చెల్లెలికి వచ్చేవి. 1993లో ఎరిత్రియా రెఫరెండం పెట్టుకుని విడిపోయినప్పుడు కూడా ఆ రాకపోకలు ఆగలేదట. ఎందుకు ఆగుతాయి? అక్కడ రాజ్యం చేస్తున్న ఇసయాస్, ఇక్కడ రాజ్యం చేస్తున్న మెలెస్ ఇద్దరూ కలిసే కదా 1991లో ఇథియోపియా నియంత మెంగిస్తును దించింది. 

నువ్వు పుస్తకంలో చదివి ఉంటావు ‘సరిహద్దు వివాదం’ అని. మెకెలె బజారులో నాకు కనపడింది వేరే. 1997 నవంబరులో ఎరిత్రియా సొంత డబ్బు తెచ్చింది, నక్ఫా. అంతకుముందు ఇద్దరిదీ బిర్రే. ఒక నక్ఫాకి ఒక బిర్రు, రెండు దేశాల్లోనూ రెండూ చెల్లాలి అన్నారు వాళ్లు. ఇథియోపియా ఒప్పుకోలేదు. రెండు వేల బిర్ర్ల పైబడిన సరుకైతే డాలర్లలో, బ్యాంకు కాగితాలతో జరగాలంది. మా ఇంటావిడకి బ్యాంకు కాగితమంటే ఏమిటో తెలీదు, అక్కకి గాడిద మీద బస్తాలు పంపడమే తెలుసు. క్రిస్మస్ నాటికి అక్క చెప్పులు రావడం ఆగిపోయాయి. యుద్ధం నాకు మొదట వినపడింది ఆవిడ గొణుగుడులో.

ఇంకా వెనక్కి వెళ్లాలా? స్టాఫ్ రూములో పాత గెరిల్లా ఒకాయన ఉండేవాడు, ఎడమచెయ్యి పూర్తిగా లేవదు. 1985లో, ఆ భయంకరమైన కరువులో, సూడాన్ నుంచి టిగ్రాయ్‌కి తిండి వచ్చే దారిని ఎరిత్రియా గెరిల్లాలు మూసేశారు, సిద్ధాంత విభేదాలట. ఆయన ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచేవాడు కాదు. పెంచితే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. బయటివాళ్లకి వాళ్లు అన్నదమ్ములు. లోపల పదమూడేళ్లుగా మానని పుండుంది.

ఇక గీత సంగతి. అప్పట్లో ఎరిత్రియాని ఏలుతున్న ఇటలీవాళ్లు ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్‌తో 1900, 1902, 1908లలో మూడు ఒప్పందాలు రాసుకున్నారు. కాగితం మీద గీత ఉంది, నేల మీద రాయి లేదు. 1935లో ఇటలీ మొత్తం ఇథియోపియా మీదే పడ్డాక ఇక ఆ గీతతో పనేముంది? తర్వాత 1952 నుంచి రెండూ కలిసే ఉన్నాయి. బాద్మేలో పన్నులు వసూలు చేసిందీ, పోలీసును పెట్టిందీ ఇథియోపియా. సర్వేయర్ గారి భాషలో కబ్జా వీళ్లది, పట్టా వాళ్లది, ఆ పట్టా ఇద్దరిలో ఎవరూ సరిగ్గా చదవలేదు.

1998 మే 6న బాద్మే దగ్గర గస్తీ గొడవలో ఎరిత్రియా సైనికులు చనిపోయారు. మే 8న అడిస్ అబాబాలో ఇరువైపులవాళ్లూ సరిహద్దు గురించే కూర్చోవాల్సి ఉంది, అది గుర్తుపెట్టుకో. మే 12 తెల్లవారి ఎరిత్రియా రెండు బ్రిగేడ్లకు తక్కువ కాకుండా సైన్యాన్నీ, ట్యాంకుల్నీ, ఫిరంగుల్నీ పంపింది. 2005 కమిషన్ పట్టుకున్నది ఈ తేదీనే. గస్తీలో పదిమంది కొట్టుకుని చనిపోవడం వేరు, అది ‘సాయుధ దాడి’ కాదు, దానికి జవాబుగా ట్యాంకులు దించి ఆత్మరక్షణ అంటే కుదరదు అంది. నేను జడ్జీని కాను కానీ నాకూ అదే న్యాయమనిపిస్తుంది. మాట్లాడుకోవడానికి బల్ల వేసి ఉండగా లేచి వెళ్లి ట్యాంకు ఎక్కినవాడు ఇసయాస్. జూన్ మొదట్లో అమెరికా, రువాండా కలిసి ‘మే 6 ముందు ఎక్కడున్నారో అక్కడికి వెళ్లండి’ అన్నాయి. ఇథియోపియా సరేనంది, ఎరిత్రియా ససేమిరా అంది.

జూన్ 5 శుక్రవారం. మధ్యాహ్నం నేను క్లాసులో ఉన్నాను. మొదటి విమానానికి పిల్లలు కిటికీ దగ్గరికి పరిగెత్తారు, చూడ్డానికి. వాళ్లు ఊరిబయట విమానాశ్రయం కోసం వచ్చారు. రెండో మూడో విడతలో బాంబులు ఐదర్ అనే పేటలో బడి మీద పడ్డాయి. క్లస్టర్ బాంబులు. జనం సాయానికి పోగైనచోటే మళ్లీ పడ్డాయి. 53 మంది పోయారు, అందులో 12 మంది బడిపిల్లలని తర్వాత కమిషన్ లెక్కల్లో చదివాను. నేను చూసింది మాత్రం గోడవార పోగుపడిన చెప్పులు. అదే రోజు ఇథియోపియా విమానాలు అస్మరా విమానాశ్రయం మీద బాంబులేశాయి. ముందు నువ్వంటే ముందు నువ్వని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ రాత్రి ఇంటావిడ రేడియో పక్కన కూర్చుని ‘మా అక్క ఇంటి మీదా పడ్డాయా’ అని నన్ను అడిగింది. ఇంగ్లీషు వార్తలు నాకు అర్థమవుతాయని ఆవిడ నమ్మకం.

ఇక్కడితో ఆపితే మీ రూమ్మేటు గెలిచినట్టే. ఆపను. 

ఆ తర్వాత నెలల్లో ఎరిత్రియా మూలాలున్నవాళ్లని ఇళ్లలోంచి లేపి బస్సులెక్కించారు, ఇథియోపియా మొత్తం మీద 75 వేలమంది దాకా. అటునుంచీ వేలాదిమందిని ఇటు తోలారు. మా వీధి గడియారాల ముసలాయన అస్మరాలో పుట్టాడట, అంతే నేరం. పొద్దున చూస్తే కొట్టుకి తాళం, తాళానికి లక్క ముద్ర. నా వాచీ లోపలే ఉండిపోయింది. అద్దంలోంచి కనపడేది కూడా. వాళ్ల టైములోనే ఆగిపోయింది. వీధిలో ఎవరూ కిక్కురుమనలేదు, నాతో సహా. నేను పరాయి దేశం నుంచి బతకడానికి వచ్చినవాణ్ణి కదా, నాకేం అని సర్దిచెప్పుకున్నాను. 

1999 ఫిబ్రవరిలో ఇథియోపియా బాద్మేని తిరిగి తీసుకుంది. అంతదాకా ఆఫ్రికా ఐక్య సంస్థ శాంతి ప్రణాళికకు ఊ అనని ఎరిత్రియా, ఊరు పోయిన రోజుల్లోనే ఒప్పేసుకుంది. మరి ఆగిందా? ఆగలేదు. ఇప్పుడు అమలు కాగితాలు బాలేవని అడ్డం తిరిగింది ఇథియోపియా. 41 మంది ఉన్న నా క్లాసు దసరా నాటికి (మన దసరా) 23 అయింది. ఇటువైపు సుఖోయ్-27లు, అటువైపు మిగ్-29లు, రెండూ రష్యాలో తయారైనవే. 2000 మేలో దక్షిణాన ఒగాదెన్‌లో కరువుతో పిల్లలు పోతుంటే మెలెస్ పెద్ద దాడికి దిగి ఎరిత్రియా లోపల బరెంతు దాకా వెళ్లాడు. బాద్మే చేతికొచ్చి అప్పటికి పదిహేను నెలలు. ఆ దాడిలో పోయినవాళ్ల పాపం కూడా 1998 మే 12 మీదే వేద్దామా? నేను వెయ్యను.

జెద్దాలో నర్సు

మాస్టారు గారూ, మీరు రాసింది చదివి కళ్లనీళ్లు వచ్చాయి. కానీ ఒకటి ఒప్పుకోను. మాది కడప జిల్లా. నా వార్డులో ఎరిత్రియా అమ్మాయి పనిచేస్తాది, ఆరేళ్లుగా నా పక్క డ్యూటీ. ఆ పిల్ల చెప్పేది వింటే కథ 1998 మేలో మొదలవదు. 1997లోనే ఇథియోపియా సైన్యం ఆది మురుగ్ అనే చోటికి వచ్చి వాళ్ల అధికారుల్ని తీసేసిందంట. ఆ ఆగస్టులో ఇసయాస్ మెలెస్‌కి ఉత్తరం రాసినాడు, అది పేపర్లలోనూ వచ్చింది. అదే ఏడాది టిగ్రాయ్ వాళ్లు కొత్త మ్యాపు అచ్చేసి వివాదం ఉన్న ఊర్లన్నీ తమవే అని గీసుకున్నారు. ట్యాంకు రాకముందు మ్యాపు రాలేదా? కమిషన్ పెద్దలు ఆ తేదీలు ఎందుకు పట్టుకోలేదు?

పైగా తీర్పు వచ్చినాక ఇథియోపియా ఏం చేసింది? ‘తుది తీర్పు, ఇద్దరం కట్టుబడతాం’ అని సంతకం పెట్టి, బాద్మే పోయిందని తెలియగానే అడ్డం తిరిగింది. పదహారేండ్లు కదల్లేదు. ఆ పదహారేండ్లూ ‘శత్రువు గుమ్మంలో ఉన్నాడు’ అని చెప్పి ఇసయాస్ వాళ్లని సైన్యంలోంచి వదల్లేదు. చట్టంలో 18 నెలలే. ఆ పిల్ల అన్న పదమూడేండ్లు చేసినాడు. ఆ పిల్ల సూడాన్ మీదుగా పారిపోయి వచ్చింది. ఎవరి మీద రాయాలి ఆ పదమూడేండ్లు?

మెకెలె మాస్టారు

అమ్మా, 1997 గురించి మీరు చెప్పింది నిజమే, నేను తేలిగ్గా దాటేశాను. మెకెలెలో కూర్చుని చూసినవాడికి మెకెలె తేదీలే గుర్తుంటాయి, నా పక్షపాతం అనుకోండి. ఆ మ్యాపు మా కాలేజీ ఆఫీసులోనూ గోడకి ఉండేది. నేను దాన్ని కేవలం మ్యాపే అనుకున్నాను.

తీర్పు తర్వాతి సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. 2002 నుంచి 2018 దాకా దోషం ఇథియోపియాది, దానికి సాకు లేదు. కానీ ఆ అన్న పదమూడేళ్లు మాత్రం ఇథియోపియా ఖాతాలో రాయలేను. పక్కవాడు గట్టు మీద కూర్చున్నాడని సొంత పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేసినవాడిది ఆ తప్పు. మెలెస్ ఇసయాస్‌కి తాళంకప్ప ఇచ్చి ఉండొచ్చు, అంతే.

తెల్లబండి జవాను

మాది శ్రీకాకుళం జిల్లా. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో మన ఇండియా బెటాలియన్ అక్కడ ఉండేది, నేనూ వెళ్లాను. ఎరిత్రియా వైపు 25 కిలోమీటర్ల వెడల్పున ఏ సైన్యమూ ఉండకూడని పట్టీ ఒకటి, మాది దాని కాపలా. నీలం టోపీ, తెల్లబండి, తాగడానికి నీళ్లు కూడా టాంకర్లో తెచ్చుకోవాల. బాద్మే మా సెక్టారు కాదు కానీ, వాళ్ల కందకాలు చూశాను. కొండ అంచునంతా, కంటికానినంత దూరం తవ్వీసినారు. అంత తవ్వుడు మావూళ్లో తవ్వితే వంశధార నీళ్లు ప్రతి మడికీ వచ్చీవి.

ఎవరి తప్పని నన్ను అడగొద్దు. మైను ఎవరు పాతిందో పేలీటప్పుడు చెప్పదు. ఓ మేకలు కాసీ కుర్రోడికి పాదం పోతే మావాళ్లే మోసుకొచ్చారు. మేము వెళ్లిన పని కూడా పూర్తవలేదు. 2005లో ఎరిత్రియా మా హెలికాప్టర్లు ఎగరకూడదంది, తర్వాత డీజిలు కట్టేసింది, 2008లో మిషనే ఎత్తేశారు. తీర్పు అమలు చేయించరు, కాపలా మాత్రం కాస్తారా అని వాళ్ల కోపం. అదీ నిజమే కదండి.

గొలుసు సర్వేయర్

జవాను సార్ చెప్పిన మాట మంచిగుంది. తీర్పిచ్చినంక హద్దురాళ్లు పాతనీకి పోలీసు బందోబస్తు ఇయ్యకపోతే, గా తీర్పు కాయితం ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోవాలె. నా సర్వీసుల గట్లాంటివి చాన ఉన్నయి.

రూమ్ నంబర్ 14

మాస్టారూ, మా రూమ్మేటు కూడా పక్కనే కూర్చుని చదువుతున్నాడు. ఇందాకటినుంచి ఇద్దరం పందెం ఊసెత్తలేదు. మీ ఇంటావిడ సంగతి తర్వాత ఏమైందండీ? అక్కతో మాట్లాడారా?

మెకెలె మాస్టారు

నేను 2001లో వచ్చేశాను. ఆవిడ కొడుకు చాలాకాలం మెయిళ్లు రాసేవాడు. 2018 జూలైలో ఇథియోపియా ప్రధాని అబియ్, ఇసయాస్ చేతులు కలిపారు, ఇరవై ఏళ్ల తర్వాత ఫోన్లు కలిశాయి. నంబర్లన్నీ మారిపోయి ఉంటాయి కదా. జనం తోచిన నంబరల్లా నొక్కి, అవతల ఎవరు ఎత్తితే వాళ్లతోనే మాట్లాడారట. ఆ కొడుకూ నొక్కాడు. వాళ్ల పెద్దమ్మ దొరికింది. అమ్మే లేదు, 2014లో పోయింది. ఇద్దరూ టిగ్రిన్యాలో పది నిమిషాలు ఏడ్చి, నక్ఫా రేటెంత, బిర్రు రేటెంత అని మాట్లాడుకున్నారట. 2020 నవంబరులో టిగ్రాయ్ యుద్ధం మొదలై ఎరిత్రియా సైన్యమే మళ్లీ ఆ ఊళ్లలోకి వచ్చాక అతని మెయిళ్లు ఆగిపోయాయి.

పందెం అన్నావు కాబట్టి చెప్పేస్తాను, మీ మెస్సు లెక్క తేలకుండా ఉండకూడదు. 2009 ఆగస్టులో ఆ నష్టపరిహారాల కమిషనే ఆఖరి బిల్లు వేసింది. ఎరిత్రియా ఇథియోపియాకి సుమారు 17.4 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇథియోపియా ఎరిత్రియాకి, విడిగా కొందరు బాధితులకి ఇచ్చేదీ కలుపుకుంటే, సుమారు 16.35 కోట్లు ఇవ్వాలి. కాబట్టి ఎవరి బిర్యానీ డబ్బులు వాళ్లు పెట్టుకోండి. ఆ మిగిలిన కోటి చిల్లర తేడాకి నువ్వు రైతా పెట్టించు.